అరకు రైలు: అద్దాల పెట్టా, మామూలు కిటికీయా? ఆమదాలవలస నుంచి అమ్మానాన్నలతో వెళ్తున్నాం, సలహా ఇవ్వండి

ఆమదాలవలస_కాలువగట్టు
అందరికీ నమస్కారం. కార్తీక మాసం వెళ్ళాక, నవంబరు చివర్లో గానీ డిసెంబరు మొదట్లో గానీ అమ్మానాన్నలనీ, ఇద్దరు గుంటల్నీ తీసుకుని అరకు వెళ్దామనుకుంటున్నాం. కారు వద్దు. ఘాట్ రోడ్డు మలుపులంటే అమ్మకి వాంతులు, అనంతగిరి దాటేసరికి మనిషి నీరసించిపోతుంది. అందుకని రైలే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారికి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

అడగాలనుకున్నవి ఇవీ. పైన అద్దాలున్న విస్టాడోమ్ పెట్టె తీసుకోవాలా, లేక మామూలు పెట్టెలో రిజర్వేషన్ చేయించుకోవాలా? మాకు విశాఖ దాకా వెళ్ళడం తప్పనిసరా, కొత్తవలసలో ఎక్కొచ్చా? ఏ వైపు కూర్చోవాలి? తిరుగు ప్రయాణం ఎలా?

గజపతినగరం_క్లిక్
విస్టాడోమ్ తీసుకోండి అన్నా, రెండో ఆలోచన వద్దు. దేశంలో మొట్టమొదటి విస్టాడోమ్ పెట్టె తగిలించింది మన విశాఖ–కిరండూల్ రైలుకే, 2017 ఏప్రిల్‌లో. చెన్నై పెరంబూర్‌లో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో తయారైంది. కుర్చీలు గుండ్రంగా తిరుగుతాయి, లోయ ఎటుంటే అటు తిప్పుకోవచ్చు. పైకప్పులో కూడా అద్దం. పిల్లలకి ఆ కుర్చీలే ఒక ఆట. ఏసీ కాబట్టి దుమ్ము ఉండదు, పెద్దవాళ్ళకి సుఖం. ఫొటోలు తీసుకునేవాళ్ళకి మాత్రం ఒక మాట: అద్దం మీద లోపలి వెలుతురు ప్రతిబింబిస్తుంది. ముదురు రంగు చొక్కా వేసుకుని, ఫోన్‌ని అద్దానికి ఆనించి తీస్తే బాగా వస్తాయి.

రాజాం_పిన్ని
టికెట్టు మాత్రం రిజర్వేషన్ తెరిచిన రోజునే చూసుకో బాబూ. డిసెంబరు శని, ఆదివారాలకి ఆ పెట్టెలో సీటు మిగలదు. మామూలు సీటుకీ దానికీ ధరలో ఎన్నో రెట్లు తేడా, ఆరుగురికి లెక్క వేసుకో. ఇంకో మాట, కార్తీక వనభోజనాలు అయిపోయాక వెళ్దామనుకోవడం మంచి ఆలోచన. ఆ నెల ఆదివారాల్లో సాధారణ పెట్టెల్లో కాలు పెట్టే చోటుండదు.

ఎస్‌కోట_టీచరమ్మ
నేను శృంగవరపుకోట నుంచి కొండమీద బడికి ఈ బండిలోనే చాలా ఏళ్ళు వెళ్ళొచ్చాను. నా ఓటు మామూలు కిటికీకే. అద్దాల పెట్టెలో కొండ కనిపిస్తుంది, అంతే. శివలింగాపురం దాటాక గాలి మారుతుంది, తడి ఆకు వాసన వస్తుంది, సొరంగంలోకి వెళ్ళగానే చల్లదనం ఒక్కసారి మొహానికి కొడుతుంది. ఏసీలో ఇవేవీ తెలియవు. మీ నాన్నగారికి కిటికీ ఇష్టమన్నారు కదా, ఊచల కిటికీ పక్కన కూర్చోబెట్టండి. శాలువా మాత్రం మరిచిపోకండి.

ఇంకా చెప్పాల్సింది ఉంది, పిల్లల పేపర్లు దిద్దడం అయ్యాక రాత్రికి రాస్తాను.

కొత్తవలస_పాత_గార్డు
బాబూ, మీ ప్రశ్నలకి వరసగా చెప్తాను. ఈ లైను మీద గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ణి.

కొత్తవలసలో ఎక్కొచ్చు. నిజానికి ఈ లైను మొదలయ్యేదే కొత్తవలసలో. విశాఖ నుంచి వచ్చే బండి విజయనగరం దారిలో కొత్తవలస దాకా వచ్చి, అక్కడ మెయిన్ లైను వదిలి ఎడమకి తిరుగుతుంది. కిరండూల్ పాసింజర్ విశాఖలో ఏడు లోపే బయల్దేరుతుంది, కొత్తవలసకి ఏడున్నర ప్రాంతంలో వస్తుంది. వెళ్ళే ముందు టైము ఒకసారి సరిచూసుకోండి, మారుస్తూంటారు. మీరు ఆమదాలవలస నుంచి తెల్లవారకుండా బయల్దేరి అందుకోవాలంటే టెన్షన్ పడాలి. మొదటి బండి అరగంట ఆలస్యమైతే మొత్తం పోతుంది. ముందురోజు సాయంత్రమే విజయనగరం వచ్చి పడుకోండి. పొద్దున్నే కొత్తవలసకి రోడ్డు మీద ముప్పై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. టికెట్టు విశాఖ నుంచి తీసుకుంటే బోర్డింగ్ స్టేషన్ కొత్తవలస అని మార్పించుకోండి. మార్చకుండా ఇక్కడ ఎక్కితే మీ సీటు ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదముంది.

ఏ వైపు అంటే, అరకు వెళ్ళేటప్పుడు బండి నడిచే దిశలో కుడివైపు. లోయ ఎక్కువగా అటే. తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు. ఎక్కినచోటి నుంచి మొదటి గంట పొలాలు, మామిడి, జీడి తోటలే. మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర. బొడ్డవర దాకా నిద్రపోయినా నష్టం లేదు. ఆ తర్వాత మాత్రం ఎవరినీ నిద్రపోనివ్వకండి.

గజపతినగరం_క్లిక్
గార్డు మేస్టారూ, మీరు దొరికారు కాబట్టి అడుగుతున్నాను. అరకు దారిలో 58 సొరంగాలు అని అందరూ అంటారు. లెక్కపెడితే ఎప్పుడూ అన్ని రావు. ఎందుకని?

కొత్తవలస_పాత_గార్డు
ఎందుకంటే ఆ లెక్క కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం లైనుది. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు అని చెప్తాం. అరకు దాటాక ఒడిశాలో, కొరాపుట్ అటూ ఇటూ కూడా సొరంగాలున్నాయి. అరకులో దిగిపోయేవాళ్ళకి అన్నీ ఎలా వస్తాయి?

లైను గురించి తెలుసుకుని వెళ్తే చూడ్డానికి ఇంకా బాగుంటుంది. ఇది మనుషుల కోసం వేసిన లైను కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బైలదిల్ల కొండల నిండా ఇనుప ఖనిజం. దాన్ని జపాను ఉక్కు కర్మాగారాలు కొంటామన్నాయి. కొండ మీది రాయిని సముద్రం ఒడ్డుకి, విశాఖ రేవుకి చేర్చాలి. అందుకని 1960ల్లో జపాను సాయంతో దండకారణ్య–బొలాంగీర్–కిరిబూరు ప్రాజెక్టు అని మొదలుపెట్టారు, పొట్టిగా డీబీకే అనేవాళ్ళం. అందులో భాగమే ఈ లైను. పొడవు 440 కిలోమీటర్ల పైచిలుకు. అడవిలో, జ్వరాల మధ్య, మనిషి నడిచే దారి కూడా సరిగా లేని చోట ఆ రోజుల్లోనే నేరుగా బ్రాడ్‌గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు ఎక్కువుండే పెద్ద గేజి, వేశారు. ఊటీ, డార్జిలింగ్ లాంటి కొండ రైళ్ళు చిన్న గేజివి, బరువు మొయ్యలేవు. ఇక్కడ ఖనిజం బళ్ళు నడవాలి కాబట్టి పెద్ద గేజి తప్పలేదు.

పెద్ద గేజి బండి నిటారుగా ఎక్కలేదు. అరవై మీటర్లు ముందుకి వెళ్తే ఒక్క మీటరు ఎత్తు, ఘాట్‌లో వాలు అంతకు మించకుండా చూసుకున్నారు. ఆ వాలులోనే ఉండాలంటే కొండని చుట్టుకుంటూ, అడ్డొచ్చినచోట తొలుచుకుంటూ, లోయ వచ్చినచోట వంతెన కట్టుకుంటూ పోవాలి. ఇన్ని సొరంగాలకీ ఇన్ని మలుపులకీ కారణం అదే. మలుపు తిరిగేటప్పుడు కుడి కిటికీలోంచి మన బండి ఇంజనే మనకి కనిపిస్తుంది చూడండి, పిల్లలకి చూపించండి.

బొబ్బిలి_బండి
మేస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఖాళీ వ్యాగన్లు పైకి వెళ్తాయి, నిండు వ్యాగన్లు కిందికి వస్తాయి. మామూలుగా ఆలోచిస్తే దిగడం సులువు అనిపిస్తుంది, కానీ వేల టన్నుల రాయిని ఆ వాలులో అదుపు తప్పకుండా దింపడమే అసలు పని. 1980–82 మధ్య ఈ లైనుకి కరెంటు వచ్చింది. 1988 ప్రాంతంలో స్వీడన్ నుంచి, జపాను హిటాచీ కంపెనీ నుంచి ప్రత్యేకంగా ఇంజన్లు తెప్పించి ఇక్కడ నడిపారు. ఇప్పటి ఇంజన్లయితే దిగేటప్పుడు మోటార్లనే బ్రేకుగా వాడి, అందులో పుట్టిన కరెంటుని తిరిగి పైతీగకి పంపిస్తాయి.

కొత్తవలస_పాత_గార్డు
సరిగ్గా చెప్పారు. అందుకే ఎదురుగా ఖనిజం బండి వస్తూంటే పాసింజర్‌ని స్టేషన్‌లో ఆపేస్తారు. సింగిల్ లైను రోజుల్లో గంటలు గంటలు నిలబడేది. ఇప్పుడు కొత్తవలస–కొరాపుట్ మధ్య రెండో లైను పనులు జరుగుతున్నాయి, దారిలో కొత్త సొరంగాలు, కొత్త వంతెనల స్తంభాలు కనిపిస్తాయి. బండి ఆగిందని చిరాకు పడకండి. త్యాడలోనో చిమిడిపల్లిలోనో ఆగితే అంతకంటే ఏం కావాలి? పక్షుల కూతలు వినిపిస్తాయి.

రాజాం_పిన్ని
ఆ దారిలో తినడానికేం దొరుకుతుంది? పిల్లలకి ఆకలి ఆగదు కదా. మేము వెళ్ళినప్పుడు పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్ళాం.

ఎస్‌కోట_టీచరమ్మ
కట్టుకుని వెళ్ళడమే మంచిది పిన్నిగారూ. బండిలో ఇడ్లీ, ఉడికించిన వేరుశనగకాయలు, జామకాయలు వస్తాయి. సీజన్‌ని బట్టి సీతాఫలాలు, పనసతొనలు. డిసెంబరుకి సీతాఫలం అయిపోతుంది. బొర్రాలో మాత్రం చేతిలో పొట్లం పట్టుకుని దిగకండి, కోతులు లాక్కుపోతాయి.

ఇప్పుడు మధ్యాహ్నం వదిలేసిన మాట. దయచేసి ఓపిగ్గా చదవండి.

ఈ రైలుని మనం చూసే రైలు అనుకుంటాం. త్యాడ, చిమిడిపల్లి, కరకవలస చుట్టూ ఉన్న ఊళ్ళవాళ్ళకి అది బస్సు, అంబులెన్సు, సంత బండి అన్నీను. కొండదొర, బగత, వాల్మీకి, పోర్జా కుటుంబాలు. నా బడికి వచ్చే పిల్లల అమ్మలు చింతపండు, కొండచీపుర్లు, పసుపుకొమ్ములు, అడ్డాకులు మోపులు కట్టి స్టేషన్ దగ్గర కూర్చునేవాళ్ళు. కోటలోనో కొత్తవలసలోనో అమ్ముకుని, ఉప్పు, నూనె, పిల్లలకి బట్టలు కొనుక్కుని బండికే వెనక్కి వెళ్ళేవాళ్ళు. నెలలు నిండిన ఆడమనిషిని డోలీలో స్టేషన్ దాకా మోసుకొచ్చి ఈ బండి ఎక్కించడం నేను కళ్ళారా చూశాను. స్టేషన్ మాస్టరు బండిని కాసేపు ఆపి ఉంచారు, ఎవరూ ఏమీ అనలేదు.

వానాకాలంలో కొండరాళ్ళు, మట్టి జారి పట్టాల మీద పడతాయి. అప్పుడు బండి రద్దు చేస్తారు, లేదా అరకు దాకా వెళ్ళకుండా కిందే ఆపేస్తారు. టూర్‌కి వచ్చినవాళ్ళు డబ్బులు వెనక్కి తీసుకుని ఇంటికి వెళ్తారు. పైన ఉన్నవాళ్ళకి ఉప్పు కూడా దొరకని రోజులు వస్తాయి. ఇది తెలియక కొందరు, "ఈ మోపులేంటి, తలుపు దగ్గర ఈ జనమేంటి" అని విసుక్కుంటారు. ఒకసారి ఒక టూర్ నడిపేవాడు తన గుంపు ఫొటోలు తీసుకోవాలని తలుపు దగ్గర కూర్చున్న ముసలామెని లేవమన్నాడు. ఆమె మోపు ఎత్తుకుని, ఏమీ అనకుండా పక్క పెట్టెలోకి వెళ్ళిపోయింది. నాకు ఈనాటికీ ఆ సంగతి తలుచుకుంటే కోపం వస్తుంది. మామూలు పెట్టెలో వెళ్ళమని నేను చెప్పేది గాలి కోసం ఒక్కటే కాదు. ఆ మనుషుల పక్కన కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి, వాళ్ళ దగ్గర జామకాయలు కొనుక్కుని వెళ్ళండి. మీ పిల్లలకి ఆ కొండ ఎవరిదో తెలుస్తుంది.

ఆమదాలవలస_కాలువగట్టు
టీచరుగారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. "అద్దాల పెట్టె వద్దురా, మనుషులున్న పెట్టెలో వెళ్దాం" అంది. నాన్న కూడా సరే అన్నారు. పిల్లలు మాత్రం తిరిగే కుర్చీ కావాలని పట్టుబట్టారు.

గజపతినగరం_క్లిక్
ఒక వైపు ఒకటి, ఇంకో వైపు ఇంకొకటి చేసుకోండి అన్నా. వెళ్ళేటప్పుడు మామూలు పెట్టె, వచ్చేటప్పుడు విస్టాడోమ్.

కొత్తవలస_పాత_గార్డు
తిరగెయ్యండి. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది. కిరండూల్ నుంచి వచ్చే బండి అరకుకి సాయంత్రం నాలుగు ప్రాంతంలో రావాలి, దూరం నుంచి వస్తుంది కాబట్టి ఆలస్యం మామూలే. గంట ఆలస్యమైతే ఘాట్ అంతా చీకట్లోనే దిగుతుంది, అద్దాల పెట్టెకి పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టు. పొద్దున్న వెలుతురులో విస్టాడోమ్, సాయంత్రం మామూలు పెట్టె. సాయంత్రం బండిలో సంత నుంచి వెళ్ళేవాళ్ళూ ఉంటారు, టీచరమ్మగారు చెప్పిన మనుషులు అప్పుడూ కనిపిస్తారు.

ఎస్‌కోట_టీచరమ్మ
గార్డుగారి మాట సబబుగా ఉంది. పిల్లల కోరిక కూడా తీరాలి కదా. కానీ మీ నాన్నగారికి పొద్దుటి గాలి పోతుంది. కుదిరితే పెద్దవాళ్ళిద్దరికీ మామూలు పెట్టెలో, మీరూ పిల్లలూ అద్దాల పెట్టెలో తీసుకోండి. బొర్రాలోనో అరకులోనో కలుసుకోవచ్చు.

రాజాం_పిన్ని
మోకాళ్ళ నొప్పి మనిషిని వేరే పెట్టెలో ఒంటరిగా పంపకండి తల్లీ. నాన్నగారు తోడున్నా సామాను ఎవరు దింపుతారు? అందరూ ఒక చోటే ఉండండి. బొర్రా గుహల్లో మెట్లు చాలా, లోపల తడి. ఆవిడ పైనే కూర్చోవాలి, లేకపోతే గుహలు మానుకోవాలి.

కొత్తవలస_పాత_గార్డు
గుహల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మన రైలు పట్టాలు వెళ్ళేది బొర్రా గుహల పైనుంచే. గుహలో ఉన్నవాళ్ళ నెత్తిన ఎక్కడో పైన బండి పోతూంటుంది. గోస్తనీ నది పుట్టేది కూడా అక్కడే.

బొర్రా, కరకవలస దాటాక శిమిలిగుడ వస్తుంది. అక్కడ కిటికీలోంచి బోర్డు చూడండి, సముద్ర మట్టానికి 996.32 మీటర్ల ఎత్తు. చాలా ఏళ్ళపాటు దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఇదే అన్నిటికంటే ఎత్తయిన స్టేషన్. 2008లో కాశ్మీర్ లోయలో రైలు మొదలయ్యాక ఆ పేరు అటు వెళ్ళింది. అయినా సముద్రం ఒడ్డున విశాఖలో బయల్దేరి, దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కేది ఒక్క పూటలోనే. శిమిలిగుడ నుంచి అరకుకి కొంచెం దిగుతాం. లోయ ఒక్కసారిగా విప్పారుతుంది, డిసెంబరు మొదట్లో వలిసెపూలు పసుపు పచ్చగా పరుచుకుని ఉంటాయి.

బొబ్బిలి_బండి
అందరూ అరకులోనే దిగిపోతారు, నా బాధ అది. అసలు కొండ అక్కడితో అయిపోతుందా? నా మాట వినేవాళ్ళుంటే ఒక చుట్టు ప్రయాణం చెప్తాను. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఇది విశాఖ వాళ్ళకంటే సులువు.

భువనేశ్వర్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక విజయనగరం వస్తుంది. అక్కడి నుంచి బొబ్బిలి, పార్వతీపురం, కూనేరు మీదుగా రాయగడ. ఇది రాయపూర్ వెళ్ళే పాత లైను. పార్వతీపురం దాకా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవాళ్ళు 1900ల్లోనే వేశారు, రాయపూర్ దాకా పూర్తయింది 1931లో. రాయగడ దాటి సింగాపూర్ రోడ్డు దగ్గర బండి కొరాపుట్ లైనులోకి తిరుగుతుంది. ఆ లైను కొత్తది, 1998 చివర్లో పూర్తయింది. తెల్లవారేది సరిగ్గా అక్కడే. టిక్రి, లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ, దామన్‌జోడి. ఒక సొరంగం నుంచి బయటికి వచ్చి, ఎత్తయిన వంతెన మీద నుంచి లోయ మొత్తం చూసి, ఇంకో సొరంగంలోకి దూరడం. పొగమంచు లోయలో కింద ఉంటుంది, మన బండి దానికి పైన. అరకు ఘాట్ అంటే నాకూ ప్రాణమే, కానీ వంతెనల విషయంలో నేను ఈ లైనుకే ఓటు వేస్తాను. పైగా టూరిస్టుల తోపులాట లేదు.

కొరాపుట్‌లో పొద్దున్నే దిగి శబర శ్రీక్షేత్రం, అంటే అక్కడి జగన్నాథుడి గుడి చూసుకుని, ఇంత తిని, మధ్యాహ్నం కిరండూల్ నుంచి వచ్చే పాసింజర్ పట్టుకోండి. మాచ్‌ఖండ్ రోడ్డు, పాడువా మీదుగా అరకు, అక్కడి నుంచి ఘాట్ దిగి రాత్రికి కొత్తవలస. రెండు ఘాట్‌లూ ఒకే చుట్టులో.

కొత్తవలస_పాత_గార్డు
మంచి దారి. కానీ చలికాలంలో రెండో ఘాట్ చీకట్లో పోతుంది. ఈ చుట్టు ఫిబ్రవరి, మార్చిలో చేస్తే పగలు పొడుగు. లేదా కొరాపుట్‌లో ఒక రాత్రి ఉండి మెల్లగా రండి.

బొబ్బిలి_బండి
ఒప్పుకుంటాను మేస్టారూ. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు రాయగడ దాకా వెళ్ళి మజ్జిగౌరమ్మ తల్లిని దర్శించుకుని వచ్చినా చాలు. పార్వతీపురం దాటగానే కొండలు రెండు వైపులా దగ్గరకొస్తాయి, కూనేరు, జిమిడిపేట దగ్గర అడవి పట్టాల మీదికి వచ్చినట్టుంటుంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందేభారత్ కూడా ఈ లైనులోనే, పార్వతీపురం, విజయనగరంలో ఆగుతుంది. దానిలో వేగంగా పోవడం తప్ప చూడ్డానికి తీరిక ఉండదు, పాసింజరే నయం.

పాతపట్నం_నేరోగేజ్
ఇంతమంది మాట్లాడుకుంటున్నారు, మన శ్రీకాకుళం సొంత బండిని ఎవరూ తలవలేదు. నౌపడ–గుణుపూర్.

పర్లాకిమిడి గజపతి రాజులు వేయించిన లైను అది. మద్రాసు–కలకత్తా మెయిన్ లైను నౌపడ మీదుగా పోతూంటే, తమ ఊరిని దానితో కలుపుకోవాలని సొంత ఖర్చుతో రెండున్నర అడుగుల గేజి పట్టాలు వేయించారు. 1900లో బండి నడిచింది. మొదట్లో నష్టాలే వచ్చాయి, తర్వాత నిలదొక్కుకుంది. 1929–31 మధ్య గుణుపూర్ దాకా పొడిగించారు. నౌపడలో ఉప్పు కొఠార్లు, టెక్కలి, టెంబూరు, పాతపట్నంలో నీలమణి దుర్గమ్మ, పర్లాకిమిడి, అక్కడి నుంచి వంశధార పక్కనే గుణుపూర్. చిన్న పెట్టెలు, చిన్న ఇంజను, ఊరివాళ్ళు చెయ్యెత్తితే డ్రైవరు చూసేంత మెల్లగా పోయేది. మహేంద్రగిరి కొండలు అంత దూరాన నీలంగా కనిపిస్తూ బండితో పాటే నడుస్తూంటాయి. 2004లో చిన్న గేజి ఆపేసి, 2011లో బ్రాడ్‌గేజ్ చేసి మళ్ళీ నడిపారు.

ఇది ఘాట్ ఎక్కే లైను కాదు, సొరంగాలు లేవు. కొండల అంచున పోయే లైను. ఆమదాలవలస తమ్ముడికి దగ్గర కూడా. పెద్దవాళ్ళని దూరం తీసుకెళ్ళే ముందు ఒక ఆదివారం గుణుపూర్ వెళ్ళి రండి. అమ్మగారికి రైలులో మోకాళ్ళు ఎంతసేపు ఓర్చుకుంటాయో తెలుస్తుంది.

రాజాం_పిన్ని
ఇది బంగారం లాంటి సలహా. ముందు చిన్న ప్రయాణం చేసి చూసుకో బాబూ.

గజపతినగరం_క్లిక్
పాతపట్నం అన్నా, ఆ చిన్న బండి ఫొటోలు మీ దగ్గరుంటే పెట్టండి. మా తరం చూడనే లేదు.

పాతపట్నం_నేరోగేజ్
నాన్నగారి పెట్టెలో ఒకటో రెండో ఉండాలి తమ్ముడూ, స్కాన్ చేయించి పెడతాను. సాలూరు–బొబ్బిలి మధ్య రైల్‌బస్సు ఫొటోలు బొబ్బిలి వాళ్ళ దగ్గరుంటే అవీ పెట్టమనండి.

బొబ్బిలి_బండి
రైల్‌బస్సు ఫొటోలున్నాయి, పెడతాను. దాని మీద వేరే చర్చ మొదలుపెడదాం.

ఒక విషయం ఇక్కడే అడగాలి. రైల్వే కొత్త డివిజన్ల ప్రకారం కొత్తవలస–కిరండూల్ లైను రాయగడ డివిజన్‌కి వెళ్తోంది. విజయనగరం నుంచి కూనేరు దాకా, నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మాత్రం విశాఖ డివిజన్. అరకు బండి సంగతులు, పెట్టెల పెంపు, ఆలస్యాలు ఇక రాయగడలో అడగాలి. దీని మీద మన ప్రాంతంలో చాలామందికి మనసు కష్టంగా ఉంది, నాకూ ఉంది. శృంగవరపుకోట, త్యాడ, అరకు స్టేషన్లలో ఎక్కేవాళ్ళు మనవాళ్ళు, వాళ్ళ ఫిర్యాదు వినే ఆఫీసు దూరమైపోతోంది.

ఎస్‌కోట_టీచరమ్మ
ఆఫీసు ఎక్కడున్నా నేను అడిగేది ఒకటే. పొద్దుటి బండికి సాధారణ పెట్టెలు తగ్గించకండి. పైన కొండ ఊళ్ళకి వానాకాలంలో బండి ఆగిపోతే ఆ సంగతి ముందురోజు సాయంత్రమే స్టేషన్లలో మైకులో చెప్పించండి. ఫోనులో చూసుకోమంటే ఎలా, సిగ్నలు లేని ఊళ్ళు అవి.

నిర్వాహకుడు
డివిజన్ల చర్చ ముఖ్యమైనదే, దానికి వేరే అంశం తెరిచాను. అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఆమదాలవలస వారి ప్రయాణం గురించి మిగిలింది మాట్లాడుకుందాం.

ఆమదాలవలస_కాలువగట్టు
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంట్లో కూర్చుని ఇలా అనుకున్నాం.

వచ్చే ఆదివారం నౌపడ నుంచి గుణుపూర్. అది బాగా జరిగితే డిసెంబరు మొదటి వారంలో, శని ఆదివారాలు కాకుండా, ముందురోజు విజయనగరంలో మా పెద్దమ్మగారింట్లో పడుకుని పొద్దున్నే కొత్తవలస. వెళ్ళేటప్పుడు అందరికీ మామూలు పెట్టెలోనే, కుడివైపు. అమ్మ మాటే నెగ్గింది. పిల్లలకి తిరిగే కుర్చీ సంక్రాంతి సెలవుల్లో అని మాట ఇచ్చాను. అరకులో ఒక రాత్రి ఉంటాం. బొర్రా గుహలు ఈసారి వద్దు. మర్నాడు సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం.

రెండు అనుమానాలు. అరకు స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఎత్తు సరిపోతుందా, అమ్మ దిగగలదా? రాత్రి కొత్తవలసలో దిగాక ఆమదాలవలసకి బండి దొరక్కపోతే?

కొత్తవలస_పాత_గార్డు
అరకులో ఇబ్బంది లేదు, దిగేటప్పుడు ఒకరు ముందు దిగి చెయ్యి అందించండి, తొందరపడొద్దు. మధ్యలో చిన్న స్టేషన్లలో మాత్రం ఆవిడని దింపకండి, కొన్నిచోట్ల మెట్టుకీ నేలకీ బాగా ఎత్తు. తలుపు దగ్గర పిల్లల్ని నిలబడనివ్వకండి. సొరంగాల్లో గోడ బాగా దగ్గరగా వస్తుంది.

తిరుగు ప్రయాణంలో రాత్రి బండి మీద ఆశ పెట్టుకోవద్దు. కిరండూల్ బండి ఎంత ఆలస్యంగా వస్తుందో ఎవరూ చెప్పలేరు. మీ పెద్దమ్మగారింటికే ఆటోలో వెళ్ళి పడుకుని, పొద్దున్న విజయనగరంలో బండి ఎక్కండి.

రాజాం_పిన్ని
స్వెట్టర్లు, మంకీ క్యాప్, వేడినీళ్ళ ఫ్లాస్కు, అమ్మగారి మోకాళ్ళకి పట్టీ. పాలిథిన్ సంచీ ఒకటి చెత్తకి. తిన్న కాగితాలు, సీసాలు కిటికీలోంచి లోయలోకి వెయ్యనివ్వకు నాయనా.

ఎస్‌కోట_టీచరమ్మ
కోటలో బండి ఆగినప్పుడు జామకాయల బుట్టతో ఎక్కేవాళ్ళుంటారు. బేరం ఆడకండి. పిల్లలకి చెప్పండి, డబ్బులు వాళ్ళ చేతే ఇప్పించండి.

కొత్తవలస_పాత_గార్డు
రిజర్వేషన్ అయ్యాక పెట్టె నంబరు, సీటు నంబర్లు ఇక్కడ పెట్టండి బాబూ. కుడివైపు కిటికీ వస్తుందో లేదో చూసి చెప్తాను. రాకపోతే కొత్తవలసలో ఎక్కగానే టీటీఈని అడగండి, వారం మధ్యలో ఖాళీలుంటే సర్దుతారు.

ఆమదాలవలస_కాలువగట్టు
తప్పకుండా మేస్టారూ. గుణుపూర్ వెళ్ళొచ్చాక ఆ సంగతులు కూడా ఇక్కడే రాస్తాను.